మెడ నాళంలో రక్తవేగం: ఒక ప్రమాణ విచారం

మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు ఇరుకయ్యాయో లేదో, అయితే ఎంతగా అయ్యాయో శబ్దతరంగాలతో అంచనా వేసే పరీక్షను కరోటిడ్ డాప్లర్ అంటారు. వాడుకలో మెడ డాప్లర్, మెడ స్కానింగ్. కోత లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. అరగంటలో అయిపోతుంది. చివరికి చేతికొచ్చే కాగితం మీద ఒక శాతం ఉంటుంది: కుడివైపు 70 శాతానికి పైగా ఇరుకు, ఎడమవైపు 50 కన్నా తక్కువ, ఇలా. ఆ అంకె ఎలాంటి జ్ఞానం? కళ్ళారా చూసి తెలుసుకున్నదా, ఊహించి తెలుసుకున్నదా? ఒంట్లో ఏ బాధా లేని మనిషికి ఆ అంకె చెబితే అతనికి జబ్బు ఉన్నట్టా, లేనట్టా? రాబోయేదాని ఆనవాలు ముందే దొరికితే తలరాత మాట ఏమవుతుంది? ఇవి ఆసుపత్రిలో పుట్టే ప్రశ్నలే అయినా, వీటిని విప్పడానికి కావలసిన ఆలోచన న్యాయమనే తర్కశాస్త్రంలో, మాధ్యమిక బౌద్ధంలో, చరకసంహితలో ఎప్పుడో జరిగింది. గుంటూరు–విజయవాడ రహదారి మీది పెదకాకాని లాంటి ఊళ్ళో ఈ మూడింటి జాడలూ, ఆ పరీక్ష అవసరమూ పక్కపక్కనే కనిపిస్తాయి.

కంఠమణి ఎత్తున మెడ పక్కన వేలు పెడితే నాడి తగులుతుంది. అది ఉమ్మడి కరోటిడ్ ధమని. ఆ చుట్టుపక్కలే అది రెండుగా చీలుతుంది. బయటి శాఖ ముఖానికీ నెత్తి చర్మానికీ పోతుంది. లోపలి శాఖ మెడలో ఎక్కడా కొమ్మలు వెయ్యకుండా నేరుగా పుర్రెలోకి వెళ్ళి మెదడుకూ కంటికీ రక్తం ఇస్తుంది. చీలిక దగ్గర లోపలి శాఖ మొదలు కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులో బయటి గోడ వెంట రక్తం నెమ్మదించి సుడి తిరుగుతుంది. కొవ్వు, సున్నం, గట్టిపడ్డ కణజాలం కలిసిన పూడిక ముఖ్యంగా అక్కడే పేరుకుంటుంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, వయసు, పొగ దాన్ని పెంచుతాయి. దేశానికంతటికీ కలిపి పెట్టిన పొగాకు బోర్డు కార్యాలయం 1976 నుంచీ గుంటూరులోనే ఉంది. ఆ నేల మీద చుట్ట, బీడీ, సిగరెట్టు సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

మెడలోని ఈ నాళాల విలువ పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుతుడు శారీరస్థానంలో మర్మస్థానాలు చెబుతూ, కంఠనాళానికి అటూ ఇటూ ఉన్న నీల, మన్య అనే ధమనులకు దెబ్బ తగిలితే మాట పోతుందనీ, గొంతు మారుతుందనీ, రుచి తెలియదనీ అన్నాడు. మాతృకలనే సిరలకు తగిలితే అప్పటికప్పుడే ప్రాణం పోతుందన్నాడు. ఆయన చెప్పింది బయటి గాయం సంగతి. లోపలి పూడిక పక్షవాతానికి కారణమవుతుందన్న మాట వైద్యలోకంలో గట్టిగా నాటుకున్నది 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ రాసిన తరవాతే.

పూడిక వల్ల రక్తం చాలకపోవడం కన్నా, పూడిక మీద పేరుకున్న గడ్డో, అందులోంచి ఊడిన ముక్కో పైకి కొట్టుకుపోయి మెదడులోని సన్న నాళానికి అడ్డం పడడం ఎక్కువ ప్రమాదం. పెద్ద ముక్కయితే చెయ్యీ కాలూ పడిపోతాయి, నోరు వంకరపోతుంది, మాట ముద్దయిపోతుంది. చిన్న ముక్కయితే కొన్ని నిమిషాల్లో కరిగిపోయి మనిషి మళ్ళీ మామూలవుతాడు. ఊళ్ళలో దీన్ని గాలి సోకిందని, కళ్ళు తిరిగాయని, నీరసమని సరిపెట్టుకుంటారు. వైద్యులు మినీ స్ట్రోక్ అంటారు. తెల్లారేసరికి మనిషి బాగానే ఉన్నాడు కదా అని మరిచిపోయే ఈ ఘటనే అన్నిటికన్నా విలువైన హెచ్చరిక, ఎందుకంటే అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం దాని తరవాతి కొన్ని రోజుల్లోనే ఎక్కువ.

హెచ్చరిక ఒక్కోసారి కంటి దారిన వస్తుంది. ఒక కంటి ముందు పైనుంచి తెర దిగినట్టు చీకటి పడి, కొద్ది నిమిషాల్లో తొలగిపోతుంది. కంటికి రక్తమిచ్చే నాళం లోపలి కరోటిడ్ శాఖే కాబట్టి ఇలా జరుగుతుంది. పెదకాకానిలో హైవే పక్కన శంకర కంటి ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కంటిలో ఏ తేడా వచ్చినా ముందు చూపించుకునేది అలాంటి చోటే. కంటిపాపను మందు చుక్కలతో విప్పి లోపలికి చూస్తే రెటీనా మీది ధమనులు నేరుగా కనిపిస్తాయి. ఒంట్లో ధమనిని కోత లేకుండా కంటితో చూడగల చోటు అదొక్కటే. అమెరికాలోని మేయో క్లినిక్ కంటి వైద్యుడు రాబర్ట్ హోలెన్‌హార్స్ట్ 1961లో ఆ సన్న ధమనుల చీలికల్లో తళుకుమనే పసుపు రేణువుల్ని వర్ణించాడు. అవి మెడలోని పూడిక నుంచి ఊడి వచ్చిన కొలెస్ట్రాల్ పలుకులు. మెడ జబ్బుకు సంబంధించి ప్రత్యక్షమనదగ్గది ఏదైనా ఉంటే అది ఆ రేణువు. మిగతాదంతా అనుమానమే, అంటే తర్కశాస్త్రం చెప్పే అర్థంలో, గుర్తును బట్టి తెలుసుకునే అనుమితి.

పరీక్ష జరిగే తీరు దగ్గరగా చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. గది చీకటిగా ఉంటుంది. రోగి వెల్లకిలా పడుకుని గడ్డం పైకెత్తి, మెడ అవతలి పక్కకు తిప్పుతాడు. చల్లని జెల్ రాసి, మెడ మీద ప్రోబ్ ఆనిస్తారు. తెర మీద ముందు నలుపు తెలుపు బొమ్మ వస్తుంది: నల్లగా నాళం, బూడిదరంగులో గోడ, దాని మీద పూడిక ఉంటే అదీ. తరవాత రంగు వేస్తారు. ప్రోబ్ వైపు వచ్చే రక్తానికి ఒక రంగు, దూరంగా పోయేదానికి ఇంకొకటి. అదీ అయ్యాక నాళం మధ్య ఒక చిన్న గుర్తు నిలిపి స్పీకరు తెరుస్తారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా హుష్ హుష్ అని శబ్దం వస్తుంది. ఇరుకు దగ్గర ఆ హుష్షు సన్నబడి ఈలలాగా పైకి లేస్తుంది. బయటి శాఖ ఏదో, లోపలి శాఖ ఏదో సందేహం వస్తే రేడియాలజిస్టు రెండో చేతి వేలితో చెవి ముందున్న నాడిని టకటకా తడతాడు. తట్టిన ప్రతిసారీ తెర మీది గీతలో చిన్న అల లేస్తే అది బయటి శాఖ.

స్పీకరులో వినిపించేది రక్తం చేసే చప్పుడు కాదు. ప్రోబ్ పంపిన అతిధ్వని ఎర్రకణాలకు తగిలి తిరిగొచ్చేటప్పుడు దాని కంపన సంఖ్య కొద్దిగా మారుతుంది. పంపినదానికీ తిరిగొచ్చినదానికీ మధ్య తేడానే యంత్రం వినిపిస్తుంది. సెకనుకు 50 లక్షల కంపనాల తరంగం పంపితే, రక్తం సెకనుకు మీటరు వేగంతో పోతుంటే, తరంగానికీ నాళానికీ మధ్య కోణం 60 డిగ్రీలైతే, ఆ తేడా సుమారు 3,250 కంపనాలు. అది మనిషి చెవి వినగల పరిధిలోనే పడడం ఈ పరీక్షకు దక్కిన అదృష్టం. తేడా నుంచి వేగం లెక్కకట్టాలంటే ఒంట్లో శబ్దం సెకనుకు 1,540 మీటర్ల వేగంతో పోతుందని అనుకోవాలి, కోణం ఎంతో చెప్పాలి. కోణాన్ని యంత్రం తనంతట తాను కనిపెట్టదు. తెర మీద ఒక గీతను నాళం వెంట తిప్పి మనిషే చెబుతాడు. నిజమైన కోణం 60 అయి, పొరపాటున 65 అని పెడితే వేగం దాదాపు 18 శాతం ఎక్కువ చూపిస్తుంది. 70 అని పెడితే 46 శాతం ఎక్కువ.

ఈ సూత్రం చెప్పింది ఆస్ట్రియా భౌతికశాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్, 1842లో ప్రాగ్ నగరంలో. ఆయన ఆలోచించింది జంట నక్షత్రాల రంగు గురించి. 1845లో హాలండ్‌లో బైస్ బలోట్ రైలుబండి మీద బూరాలు ఊదేవాళ్ళను ఎక్కించి, పట్టాల పక్కన నిలబెట్టిన సంగీతజ్ఞులతో స్వరభేదం గుర్తింపజేసి అది నిజమని తేల్చాడు. జపాన్‌లోని ఒసాకాలో షిగెయో సతొమురా 1950లలో ఈ సూత్రాన్ని గుండె కదలికకూ రక్తప్రవాహానికీ వాడాడు. బొమ్మనూ వేగాన్నీ ఒకే యంత్రంలో కలిపిన డ్యూప్లెక్స్ స్కానర్ 1970లలో అమెరికాలోని సియాటిల్‌లో యూజీన్ స్ట్రాండ్‌నెస్ బృందం దగ్గర తయారైంది.

తర్కశాస్త్రం చదివే విద్యార్థి మొదట పట్టే పుస్తకం తర్కసంగ్రహం. 17వ శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడని పండిత సంప్రదాయం. ఇంద్రియం విషయంతో నేరుగా కలిసినప్పుడు పుట్టేది ప్రత్యక్ష జ్ఞానం. ఒక గుర్తును చూసి, ఆ గుర్తు ఎక్కడుంటే ఫలానాది అక్కడ ఉండి తీరుతుందన్న నియమాన్ని తలచుకుని, చూడనిదాన్ని తెలుసుకోవడం అనుమితి. ఆ నియమం పేరు వ్యాప్తి. కొండ మీద పొగ చూసి నిప్పుందనడం అందరికీ తెలిసిన ఉదాహరణ.

డాప్లర్ రిపోర్టు ఈ లెక్కన ఒక అనుమితి కాదు, అనుమితుల వరస. కంపనాల తేడా నుంచి వేగం, వేగం నుంచి ఇరుకు, ఇరుకు నుంచి పక్షవాతం వచ్చే ప్రమాదం, ప్రమాదం నుంచి ఆపరేషన్ కావాలా అన్న నిర్ణయం. ప్రతి మెట్టుకూ వేరే వ్యాప్తి కావాలి. మొదటి మెట్టు భౌతికశాస్త్రం, అక్కడ వ్యాప్తి గట్టిది. రెండో మెట్టు అంత గట్టిది కాదు. అమెరికా రేడియాలజిస్టులు 2002లో కూర్చుని ఒప్పుకున్న హద్దుల ప్రకారం, లోపలి కరోటిడ్‌లో గుండె కొట్టిన క్షణాన ఉండే గరిష్ఠ వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపయితే ఇరుకు 50 శాతం కన్నా తక్కువ, 230 దాటితే 70 శాతమో అంతకన్నా ఎక్కువో, మధ్యలో ఉంటే 50 నుంచి 69. ఆ పట్టికే ఇప్పటికీ చాలాచోట్ల గోడ మీద అంటించి ఉంటుంది. బొమ్మలో కనిపించే పూడికను కూడా చూడాలనీ, వేగాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదనీ ఆ సమావేశం చెప్పిన సంగతి మాత్రం గోడ మీదికి ఎప్పుడూ ఎక్కదు.

అలా నమ్మకూడదనడానికి కారణాలు తర్కం చెప్పే హేత్వాభాసాలకు, అంటే హేతువుల్లా కనిపించే దోషాలకు, అచ్చంగా సరిపోతాయి. తేల్చదలచిన సాధ్యం లేనిచోట కూడా, దానికి గుర్తయిన హేతువు కనబడితే దాన్ని సవ్యభిచారం అంటారు. ఎడమ కరోటిడ్ పూర్తిగా మూసుకుపోయిన మనిషికి మెదడును పోషించే భారం కుడి నాళం మీద పడి, అక్కడ ఇరుకు లేకపోయినా వేగం పెరుగుతుంది. బాగా రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా అంతే. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదకరం. పొగ లేదు కాబట్టి నిప్పు లేదనడం చెల్లదని చూపడానికి తార్కికులు ఎర్రగా కాలిన ఇనుపముద్దను ఉదాహరిస్తారు. పూడిక మరీ ముదిరి నాళం దారమంత సందుగా మిగిలినప్పుడు, వేగం పెరగడం మాని పడిపోతుంది. వేగం ఒక్కటే చూసేవాడికి ఆ నాళం మామూలుగా ఉన్నట్టు కనిపించవచ్చు. గుండె బలహీనపడినవాళ్ళలోనూ వేగాలన్నీ తగ్గి ఇరుకు దాక్కుంటుంది. అందుకే మంచి రేడియాలజిస్టు లోపలి శాఖలోని వేగాన్ని కింది ఉమ్మడి ధమనిలోని వేగంతో భాగించి చూస్తాడు. ఆ నిష్పత్తి 4 దాటితే ఇరుకు 70 శాతమన్న మాటకు బలం చేకూరుతుంది.

న్యాయం ఇంకో భేదం చెబుతుంది: తనకోసం చేసుకునే అనుమానం వేరు, ఇతరులకు చెప్పే అనుమానం వేరు. ఇతరులకు చెప్పేటప్పుడు ప్రతిజ్ఞ, అంటే తేల్చిన మాట, ఒక్కటే చాలదు. హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం కలిపి ఐదు అవయవాలూ ఉండాలి. రోగికి అందే కాగితం మీద వేగం ఎంత, నిష్పత్తి ఎంత, పూడిక మెత్తనిదా గట్టిదా, ఏ పట్టిక ప్రకారం శాతం వేశారు అన్నవన్నీ రాస్తే అది పరార్థానుమానం. శాతం మాత్రం రాసి చేతిలో పెడితే మిగిలేది ప్రతిజ్ఞే. ఆ ఒక్క అంకెను పట్టుకుని కుటుంబాలు రాత్రంతా నిద్రలేకుండా గడుపుతాయి. రిపోర్టులో హేతువు రాయడం రోగికి చెల్లించాల్సిన బాకీ.

ఇక్కడిదాకా తార్కికుడి దారి. పెదకాకానికి ఆనుకునే ఉన్న నంబూరు దగ్గర 1976లో మొదలైన విశ్వవిద్యాలయం ఏ ఆచార్యుడి పేరు పెట్టుకుందో మాధ్యమిక బౌద్ధానికి మూలమైన ఆ నాగార్జునుడు ఇంకో మెట్టు వెనక్కి వెళ్ళి అడిగాడు. ఆయన శాతవాహన రాజుకు లేఖ రాశాడని బౌద్ధ సంప్రదాయం, కృష్ణాతీరంతో ఆయన అనుబంధాన్ని తెలుగునేల మరవలేదు. విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో ఆయన వేసిన ప్రశ్న ఇది: వస్తువులు ప్రమాణాల వల్ల, అంటే తెలుసుకునే సాధనాల వల్ల, సిద్ధిస్తాయంటారు సరే, ఆ ప్రమాణాలు దేనివల్ల సిద్ధించాయి? వేరే ప్రమాణం వల్ల అంటే దానికి ఇంకొకటి కావాలి, అంతు ఉండదు. దేనివల్లా కాదంటే మొదటి మాటే వదులుకున్నట్టు. ప్రమాణమూ, దానితో తెలిసే ప్రమేయమూ ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి నిలబడతాయే తప్ప, తనంతట తానుగా నిలిచేది రెండిటిలో ఏదీ లేదు.

ఇరుకు శాతం చరిత్ర ఈ ప్రశ్నకు ఆశ్చర్యపడేంత దగ్గరగా వస్తుంది. డాప్లర్ సరైనదని ఎలా తెలిసింది? నాళంలోకి మందు పంపి తీసే ఎక్స్‌రే బొమ్మతో, అంటే యాంజియోగ్రామ్‌తో పోల్చడం వల్ల. యాంజియోగ్రామ్‌లో శాతం ఎలా కొలిచారు? అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఉత్తర అమెరికాలో నాసెట్ అనే పరిశోధన చేసినవాళ్ళు, ఇరుకైన చోటి వెడల్పును ఆ పైన నాళం మామూలుగా ఉన్న చోటి వెడల్పుతో పోల్చారు. అదే కాలంలో ఐరోపా పరిశోధకులు, పూడిక లేకముందు అదే చోట నాళం ఎంత వెడల్పు ఉండేదో ఊహించి దానితో పోల్చారు. ఉబ్బు ఉన్న చోటు సహజంగానే వెడల్పు కాబట్టి రెండు లెక్కలూ కలవవు. అమెరికా లెక్కలో 50 శాతమైన ఇరుకు ఐరోపా లెక్కలో సుమారు 70. అమెరికా 70 ఐరోపా వాళ్ళకు 80 దాటుతుంది. అదే మనిషి, అదే నాళం, అదే పూడిక. 70 శాతం ఇరుకు అన్నది నాళంలో ఉన్న గుణం కాదు, నాళానికీ కొలతకూ మధ్య ఉన్న సంబంధం. నాగార్జునుడు నిస్స్వభావం అన్నది ఇలాంటిదాన్నే.

దీన్ని పట్టుకుని పరీక్షంతా మాయ అనేవాడు నాగార్జునుణ్ణి సగమే చదివినట్టు. వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థం చెప్పలేమని కూడా ఆయనే అన్నాడు. కొలత సాపేక్షమైనా, ఏ కొలతతో ఎంతమందికి ఏం జరిగిందో లెక్క రాసి పెట్టుకుంటే దానితో పని నడుస్తుంది. చెయ్యకూడనిదల్లా ఒకటే: ఒక పద్ధతిలో వచ్చిన అంకెను తీసుకుని ఇంకో పద్ధతిలో తేలిన ఫలితానికి అతికించడం.

మూడో మెట్టులో వ్యాప్తి ఎక్కడ దొరికింది అన్నది మరీ గట్టి ప్రశ్న. తార్కికుడు వ్యాప్తిని వంటింట్లో పొయ్యి దగ్గర పదేపదే చూసి నేర్చుకుంటాడు. మెడ ఇరుక్కూ పక్షవాతానికీ మధ్య వ్యాప్తిని నేర్చుకున్న వంటిళ్ళు ఎక్కువగా ఉత్తర అమెరికాలో, ఐరోపాలో ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్ నాడీవైద్యుల పరిశీలనలతో సహా మన దేశపు అధ్యయనాలు చూస్తే, ఇక్కడి పక్షవాత రోగుల్లో మెడలోని నాళం కాక పుర్రె లోపలి నాళాలు ఇరుకవడం తెల్లజాతివాళ్ళలో కన్నా ఎక్కువ. మెడ డాప్లర్ పుర్రె లోపలికి చూడదు. కాబట్టి పెదకాకాని రైతుకు మెడ పరీక్ష బాగుందని వస్తే, మెడ మటుకు బాగున్నట్టు. అంతకు మించి ఆ కాగితం చెప్పదు, చెప్పించకూడదు.

జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుంది అన్నదానికి నైయాయికుల జవాబు ప్రవృత్తి సాఫల్యం. నీళ్ళనుకుని వెళ్ళి తాగితే దాహం తీరిందా, ఆ జ్ఞానం నిజం. మెడ ఇరుకు దగ్గర ఈ కొలబద్ద ఒక వింత ఇబ్బందిలో పడుతుంది. 1991లో వెలువడిన నాసెట్ ఫలితాల్లో, అప్పటికే మినీ స్ట్రోకో చిన్న పక్షవాతమో వచ్చి, 70 నుంచి 99 శాతం ఇరుకున్నవాళ్ళను తీసుకున్నారు. మందులు మాత్రమే వాడినవాళ్ళలో రెండేళ్ళలో నూటికి 26 మందికి అదే పక్క పక్షవాతం వచ్చింది. నాళం కోసి పూడిక తీసేసినవాళ్ళలో 9 మందికి. నూటికి 17 మందిని కాపాడిన ఆపరేషన్ చాలా గొప్పది, అందులో సందేహం లేదు. అయితే ఆ 17 మంది ఎవరు? ఆపరేషన్ చేయించుకుని సుఖంగా ఉన్న 91 మందిలో 74 మంది ఆపరేషన్ లేకపోయినా ఆ రెండేళ్ళూ సుఖంగానే ఉండేవాళ్ళు. తాను ఏ గుంపులోవాడో ఎవరికీ, ఎన్నటికీ తెలియదు. నీళ్ళు తాగినవాడికి దాహం తీరిన సంగతి తెలిసినట్టు, ఇతనికి పక్షవాతం తప్పిన సంగతి తెలియదు. సాఫల్యం గుంపుకే కనబడుతుంది, మనిషికి కనబడదు.

ఏ లక్షణమూ లేనివాళ్ళలో ఈ చీకటి ఇంకా చిక్కబడుతుంది. 2004లో వచ్చిన ఒక పెద్ద ఐరోపా పరిశోధనలో, బాధ లేని తీవ్రమైన ఇరుకున్నవాళ్ళకు ఐదేళ్ళలో పక్షవాతమో, ఆపరేషన్ వల్ల మరణమో సంభవించే అవకాశం వెంటనే ఆపరేషన్ చేస్తే నూటికి 6.4, ఆపి చూస్తే 11.8. ఆపరేషన్ వల్ల కలిగే నష్టమే నూటికి 3 చొప్పున ఉంది, అదీ మొదటి నెలలోనే. అప్పటికన్నా ఇప్పుడు కొలెస్ట్రాలు మాత్రలు, బీపీ మందులు బాగా వాడుతున్నారు కాబట్టి ఆ తేడా ఇంకా తగ్గి ఉండవచ్చని చాలామంది వైద్యుల అభిప్రాయం. ఈ కారణాల వల్లే అమెరికా నివారణ సేవల కార్యదళం 2007 నుంచీ, చివరిసారి 2021లోనూ, లక్షణాలు లేని మామూలు జనానికి మెడ ఇరుకు కోసం పరీక్షలు చెయ్యవద్దనే చెప్పింది. ఇంకా రాని దుఃఖాన్నే తప్పించుకోవాలన్న పతంజలి మాట మనకు శిరోధార్యమే. రాని దుఃఖాన్ని తప్పించబోయి, ఉన్న సుఖాన్ని పోగొట్టుకునే ఏర్పాటు మాత్రం యోగమూ కాదు, వైద్యమూ కాదు. ఆరోగ్యవంతుడికి ప్యాకేజీలో కలిపి మెడ డాప్లర్ అమ్మడం అలాంటి ఏర్పాటే.

తాను ఏ గుంపులోవాడో తెలియని ఈ ఖాళీలోనే తలరాత మాట పుడుతుంది. రాసి ఉంటే వస్తుంది, లేకపోతే రాదు, పరీక్ష ఎందుకు, కోత ఎందుకు అన్నది ఊళ్ళో తరచు వినబడే వాదం. దీన్ని చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయం నేరుగా ఎత్తుకుంది. పాంచాల దేశంలో కాంపిల్య నగరం దగ్గర గంగ ఒడ్డున అగ్నివేశుడు గురువు ఆత్రేయుణ్ణి అడుగుతాడు: ఆయుష్షు అందరికీ నిర్ణయమై ఉంటుందా, ఉండదా? ఆత్రేయుడి జవాబు, అది దైవం మీదా పురుషకారం మీదా రెండిటి మీదా ఆధారపడుతుందని. వెనకటి జన్మలో తాను చేసిన పని దైవం, ఇప్పుడు చేస్తున్నది పురుషకారం. బలమైనది బలహీనమైనదాన్ని అణచివేస్తుంది. కొన్ని కర్మలు గట్టివి, కాలం వస్తే ఫలించి తీరతాయి. కొన్నిటికి అలాంటి గడువు లేదు, ప్రయత్నంతో మారతాయి.

ఆ వాదంలో ఒక మలుపు అందరూ గమనించవలసింది. ఆయుష్షు అంతా ముందే నిర్ణయమైతే మందులతో పాటు మంత్రాలు, మణులు, బలులు, ఉపవాసాలు, దేవతలకు మొక్కడం కూడా వృథానే అవుతాయంటాడు ఆత్రేయుడు. మదమెక్కిన ఏనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవలసిన పనీ ఉండదంటాడు. అంటే ఆయన లెక్కలో గుడీ ఆసుపత్రీ ఒకే పక్షం. రెండూ పురుషకారమే. రెండిటికీ ఎదుటి పక్షం తలరాత. మొక్కుకున్నాం కాబట్టి పరీక్ష అక్కర్లేదనేవాడు, తెలియకుండానే మొక్కునూ పరీక్షనూ ఎదురెదురుగా నిలబెడుతున్నాడు. చరకుడి గ్రంథం వాటిని పక్కపక్కన కూర్చోబెట్టింది.

అకాల మరణం ఎలా జరుగుతుందో చెప్పడానికి ఆత్రేయుడు బండి ఇరుసును చూపిస్తాడు. మంచి కర్రతో చేసిన ఇరుసు అరిగి అరిగి తన కాలానికి తాను పోతుంది. అదే ఇరుసు బరువు ఎక్కువైతే, దారి ఎగుడుదిగుడైతే, కందెన వెయ్యకపోతే, తోలేవాడు సరైనవాడు కాకపోతే మధ్యలోనే విరుగుతుంది. పెదకాకాని భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడి ముందు ఈ మాటను కళ్ళారా చూడవచ్చు. కొత్త బండి కొన్నవాళ్ళు అక్కడికి తీసుకొచ్చి పూజ చేయించడం ఆ చుట్టుపక్కల ఆనవాయితీ. బండికి దండ వేస్తారు, కొబ్బరికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. పూజ అయింది కదా అని ఇంజన్ ఆయిల్ మార్చడం మానేసేవాడు లేడు, బ్రేకులు చూపించుకోని వాడు లేడు. బండి విషయంలో అందరికీ ఇంత సహజంగా ఉన్న ఆ సమతూకం సొంత ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తప్పుతుందో ఆలోచించవలసిందే.

దైవాన్నీ పురుషకారాన్నీ కలిపి చూసేవాడికి కాలం ముఖ్యం. చేతిలో, ముఖంలో, మాటలో, ఒక కంటిలో కొద్ది నిమిషాల తేడా వచ్చి తగ్గినా సరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి గానీ మంగళగిరి ఎయిమ్స్ గానీ పెదకాకానికి దూరం కాదు. మొదటి రెండు రోజుల్లో ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. తీవ్రమైన ఇరుకు ఉందని తేలితే ఆపరేషన్ మేలు మొదటి రెండు వారాల్లోనే బాగా దక్కుతుంది, ఆ పైన తరుగుతూ పోతుంది. అమావాస్య వెళ్ళనీ, మూఢం పోనీ, పత్తి తీత అయిపోనీ, మిరప కోత కానీ అని వాయిదా వేసే వారాలు సరిగ్గా ఆ వారాలే. తీవ్రమైన ఇరుకు తేలినవాళ్ళ విషయంలో వైద్యులు డాప్లర్ ఒక్కదాని మీదే ఆధారపడరు. కోతకు ముందు సీటీ యాంజియోగ్రామో ఎంఆర్ యాంజియోగ్రామో తీసి, రెండు అనుమానాలు ఒకే చోటికి చేరుతున్నాయా అని చూస్తారు, పుర్రె లోపలి నాళాలు కూడా అందులో తెలుస్తాయి.

ఏ బాధా లేకుండా, వేరే కారణంగా చేసిన పరీక్షలో ఇరుకు బయటపడినవాళ్ళ సంగతి వేరు. పొగ మానడం, బీపీ షుగరు అదుపులో పెట్టుకోవడం, కొలెస్ట్రాలు మాత్ర, అవసరమైతే ఆస్పిరిన్, ఇవి వాళ్ళకు మొదటి వైద్యం. ఇరుకు పెరుగుతోందేమో చూడడానికి ఆరునెలలకో ఏడాదికో మళ్ళీ డాప్లర్ చేస్తారు. దాన్ని వీలైనంతవరకు అదే చోట, అదే కోణంలో, అదే పట్టికతో చేయించుకుని, పాత రిపోర్టులోని శాతాన్ని కాక వేగాల్ని కొత్తవాటి పక్కన పెట్టి పోల్చాలి. ఆ పాత కాగితం దాచి ఉంచుకోవడం రోగి చేతిలో పని.